డాక్టరమ్మ రాని రోజు

మా అమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో ఊరి పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ, కరుణమ్మగారి బతుకులో ప్రతి అడుగూ దేవుడు ముందుగా నిర్ణయించినదే అన్నారు. షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఎవరైనా అంత నున్నగా మాట్లాడితే నాకు బుట్టలో పైన పేర్చిన మంచి టమాటాలు గుర్తొస్తాయి, అడుగున చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది. అమ్మ నన్ను అనుమానాల పుట్ట అనేది, అది తిట్టో మెప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నా పక్క కుర్చీలో కూర్చున్న సువార్త పిన్ని కూడా ఆమేన్ అనలేదు. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. దేవుని చిత్తం అన్న మాట మా ఇంట్లో అందరికంటే ఎక్కువ వాడింది ఆవిడే, అలాంటిది నోరు మూసుకుని పమిట కొంగు మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది. కూడిక ముగిసి, జనం భోజనాలు చేసి వెళ్ళాక పెరట్లో నాతో ఒక సంగతి చెప్పింది. అది చెప్పే ముందు నేను మస్కట్‌లో మేమున్న రోజుల్లోకి వెళ్ళాలి, లేకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

ఘుబ్రాలో మాది ఇండియన్ స్కూలు వెనక వీధిలో ఫ్లాటు. నాన్న ఇబ్రి దగ్గర సైట్లో సూపర్‌వైజరు. గురువారం సాయంత్రం బూట్ల నిండా ఎర్రదుమ్ముతో దిగి, శుక్రవారం సాయంత్రానికి మళ్ళీ కంపెనీ బండెక్కేవాడు. అప్పట్లో మాకు గురు, శుక్రవారాలే సెలవు, ఆరాధన శుక్రవారమే. నెలలో మొదటి శుక్రవారం అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ఉండేది, దానికి ద్రాక్షరసం కాచే పని అమ్మది. గురువారం మధ్యాహ్నం నానబెట్టిన ఎండు నల్లద్రాక్షని పెద్ద గిన్నెలో మరగబెట్టి, చల్లారాక పలచటి గుడ్డలో వేసి పిండేది. ఇల్లంతా బెల్లప్పాకం అడుగంటినట్టు ఒక తీపి చేదు వాసన. గుడ్డ పిండేటప్పుడు అమ్మ మాట్లాడేది కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేదీ కాదు. అది భక్తి అని నాన్న అనేవాడు. నాకెందుకో అమ్మ ఆ మౌనంలో ఎవరితోనో లెక్క తేల్చుకుంటున్నట్టు ఉండేది. నా బుద్ధి అలాంటిది మరి.

శుక్రవారం పొద్దున్నే పిన్ని వచ్చేది. మబేలాలో ఒక అరబ్బు ఇంట్లో పని ఆవిడది. వంట, ఇల్లు, ఆ ఇంటి ముసలమ్మకు స్నానం, మందులు, కాళ్ళు పట్టడం, అన్నీ ఆవిడే. ఆ ఇంటి డ్రైవరు మా వీధి మలుపులో దింపేవాడు. చేతిలో వెండికాగితంలో చుట్టిన అన్నమో, హల్వానో ఉండేది, ఒంటి మీద ఊదు పొగ వాసన ఉండేది. చర్చిలో అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, పిన్ని పక్కకి రాగానే ముక్కు ఎగబీల్చి చూసేవారు. ఆ చూపు నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేను కూడా మనుషుల్ని అలాగే చూస్తాను. పిన్ని మాత్రం అదేం పట్టించుకునేది కాదు. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి మాట మాటకీ ఇన్షాల్లా అనేది. ముసలమ్మ నేర్పిన మక్తూబ్ అన్న మాట కూడా వాడేది, రాసిపెట్టి ఉంది అని దాని అర్థం. అక్కడి పాస్టరు అయ్యగారు ఒకసారి, "సువార్తమ్మా, మనం అలా అనకూడదు, దేవుని చిత్తమైతే అనాలి" అని సరిదిద్దారు. పిన్ని, "ఆయ్, అలాగేనండి" అంది. ఇటు తిరిగి నాతో, "రెండూ ఒకటే కదే, పైవోడి మీదకి తోసెయ్యడం" అంది.

పిన్ని మస్కట్ ఎలా వచ్చిందన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. అసలు వీసా అమ్మకి వచ్చింది. అప్పటికి నాన్నకి ఊళ్ళో స్థిరమైన పని లేదు, అమ్మే ముందు వెళ్ళి ఇంటిపని చేసి నిలదొక్కుకోవాలన్నది ఆలోచన. అంతలో నేను కడుపున పడ్డాను. గర్భవతిని మెడికల్ పరీక్షలోనే ఆపేస్తారు. వీసా ఊరికే పోనివ్వనని, అక్క కాకపోతే చెల్లెలు రావాలని ఏజెంటు కూర్చున్నాడు. అప్పుడే పెళ్ళి సంబంధాలు వస్తున్న పిన్ని, పెళ్ళి మానుకుని విమానమెక్కింది. తర్వాత చాలా ఏళ్ళకి ఆవిడ పని చేసే ఇంటివాళ్ళ బంధువు కంపెనీలోనే నాన్నకి ఉద్యోగం దొరికింది, మేమంతా వచ్చాం. పిన్ని మాత్రం ఆ వంటింట్లోనే ఉండిపోయింది. ఎవరైనా జాలిపడితే, "దేవుడు పంపాడండి, ఆయన చిత్తం" అనేది. అమ్మ వినేటట్టు కాస్త గట్టిగానే అనేది. అప్పుడు నేనది గమనించలేదు.

నేను పదకొండో తరగతిలో ఉండగా ఊళ్ళో అమ్మమ్మ పోయింది. అమ్మ వెళ్ళింది. పిన్నికి సెలవు ఇవ్వలేదు, ఇంట్లోవాళ్ళు ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి వెళుతున్నారు, ముసలమ్మను చూసే దిక్కు లేదు అన్నారు. కన్నతల్లిని మట్టిలో పెడుతుంటే పిన్ని మబేలాలో ఇంకొకరి తల్లికి గంజి తాగిస్తూ ఉంది. అమ్మ తిరిగొచ్చాక మొదటి శుక్రవారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. ఎప్పుడూ లేవని మనిషి. "వందనాలండి. నా బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నేను చావు బతుకుల్లో ఉన్నాను. బిడ్డను బతికిస్తే నీ సేవకే ఇస్తానని దేవునికి మొక్కుకున్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు సంఘం ముందు చెబుతున్నాను" అంది. హాలంతా స్తోత్రం అని మారుమోగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాలో సంఘం ముందు సాక్ష్యం చెప్పాక అది ఇంటి మాట కాదు. వెనక్కి తీసుకోవడమంటే దేవుణ్ణి మోసం చేసినట్టే. ఆ రోజు నుంచి పెద్దవాళ్ళు నన్ను ప్రతిష్ఠితురాలు, అంటే దేవునికి ఇచ్చేసిన పిల్ల అని పిలవడం మొదలుపెట్టారు. పన్నెండో తరగతి అవగానే ఆంధ్రాలో స్త్రీలకు సువార్త సేవ నేర్పే ట్రైనింగులో చేర్చాలని అయ్యగారు సీటు కూడా మాట్లాడేశారు. నేను చదవాలనుకున్నది ఫార్మసీ. ఎవరూ అడగలేదు. అడిగినట్టు నటించారు, "నీ ఇష్టపూర్వకంగానే రావాలమ్మా, దేవుడు బలవంతపు కానుక తీసుకోడు" అని. సీటు మాట్లాడేశాక ఇష్టమేమిటి, నా మొహం.

నాకు ఎక్కడ తేడా కొట్టిందంటే, అమ్మమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పిన కథ వేరు. నీ తల్లి పకోడీలు తింటుండగా నొప్పులొచ్చాయే, మంత్రసాని కాళ్ళు కడుక్కునేలోపే పుట్టేశావు, అని నవ్వేది. ఇందులో చావెక్కడుంది, బతుకెక్కడుంది? పైగా సాక్షి పోయాక సాక్ష్యం పుట్టింది. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ లేని మొక్కుబడి ఆవిడ పోయిన నెలకే ఎలా పైకొచ్చింది? రెండోసారి చెప్పినప్పుడు అమ్మ సాక్ష్యంలో రక్తస్రావం వచ్చి చేరింది. మూడోసారి కరెంటు పోయిన ఆపరేషన్ గది వచ్చింది. గోరంత కొండంత అవుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని ఒక్కొక్కటీ పట్టుకుంటూ వచ్చాను. ఆ ఏడు నాన్న కంపెనీలో సైట్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఫీజు లేని చదువు కోసం ఈ మొక్కుబడి పుట్టించారేమోనని కూడా అనుమానించాను. అయ్యగారిని అనుమానించాను. నాన్నను అనుమానించాను. దేవుణ్ణి వదిలానా అంటే, వదల్లేదు.

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక కాంపౌండులో, మా తర్వాత హాల్లోకి వెళ్ళాల్సిన ఫిలిప్పీన్స్‌వాళ్ళు గిటార్లు సవరించుకుంటుంటే, అయ్యగారిని నిలదీశాను. దేవుడు అంతా ముందే నిర్ణయిస్తే ఇక నా ఇష్టమెక్కడిదండీ అని. ఆయన కోప్పడే మనిషి కాదు, వారమంతా ఒక ఆఫీసులో లెక్కలు చూసుకుని శుక్రవారం మా కోసం చొక్కా ఇస్త్రీ చేసుకునే మనిషి. "చూడమ్మా, ఘుబ్రా రౌండెబౌట్లో నాలుగు దారులున్నాయి. స్టీరింగు నీ చేతిలో ఉంది, ఏ దారి పట్టినా నీ ఇష్టమే. కాని ఆ దారులు వేసింది నువ్వు కాదు. వేసినవాడికి ఏది ఎక్కడికి పోతుందో ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన నీ చెయ్యి పట్టి తిప్పినట్టు కాదు" అన్నారు.

"మరి సముద్రంలో పడే దారి ఎందుకు వేశారండీ? పడతానని తెలిసి కూడా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది నాక్కూడా పూర్తిగా తెలియదమ్మా" అన్నారు.

ఆయన్ని అనుమానించడం ఆ రోజుతో మానేశాను. తెలియదని ఒప్పుకున్నవాణ్ణి ఏమని అనుమానిస్తాం? ఇక మిగిలింది పిన్ని. అమ్మ గర్భంతో ఉన్నప్పుడు ఆస్పత్రికి తోడు వెళ్ళింది తనేనని ఎప్పుడో మాటల్లో అన్నది నాకు గుర్తుంది. తర్వాతి శుక్రవారం నాన్న తెచ్చిన వంజరం చేపని పిన్ని మా వంటింట్లో శుభ్రం చేస్తోంది. అమ్మ హాల్లో ఎవరితోనో మాట్లాడుతోంది.

"పిన్నీ, నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకి నిజంగా అంత జబ్బు చేసిందా?"

"నాకేం తెల్దే బుల్లీ. నేనప్పుడు చిన్నదాన్ని."

"చిన్నదానివా? నీకప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆస్పత్రికి నువ్వే కదా వెళ్ళావు?"

"ఎల్లేననుకో. అయితే ఏంటి? నేనేం చేశానని నన్నడుగుతున్నావ్?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. నువ్వేదో చేశావని నేను అనలేదే. చేప పొలుసు మీద కత్తి ఆగిపోయింది. నేను కదల్లేదు. హాలు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "జబ్బు లేదు ఏం లేదు. వీసా పోతదని, నిన్ను తీయించేసుకుందామని ఎల్లేం. టౌన్లో ఒక నర్సింగ్‌హోమ్. నేను గేటు కాడ కూకున్నాను. కాసేపటికి అక్క బయటికొచ్చి, డాక్టరమ్మ రాలేదే, దేవుడే ఆపేడు, ఇంటికి పోదాం అంది. వచ్చేసేం. దేవుడు ఆపేడు కాబట్టే నువ్వున్నావు, దేవుడు పంపేడు కాబట్టే నేనిక్కడున్నాను. ఇంక తవ్వకు. మీ అమ్మని అడగమాకు."

ఆ వారం నేను సరిగ్గా తిన్నది లేదు. వద్దనుకున్న బిడ్డనన్నది ఒక బాధ. నన్ను బతికించింది ఎవరో డాక్టరమ్మకి వచ్చిన జ్వరమో, దొరకని బస్సో అన్నది ఇంకో బాధ, రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. ఇదేనా ముందు నిర్ణయం? అందులో నన్ను కావాలనుకున్నవాళ్ళు ఎవరు? గురువారం మధ్యాహ్నం అమ్మ ద్రాక్షగుడ్డ పిండుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆ సమయంలో మాట్లాడకూడదని తెలిసే వెళ్ళాను.

"ఆ రోజు డాక్టరమ్మ వచ్చుంటే నేను లేను. అంతేనా అమ్మా?"

అమ్మ చెయ్యి ఆగింది. ఎవరు చెప్పారని అడగలేదు. "దేవుడు ఆపాడు కదా. ఇంకేం కావాలి నీకు?" అంది.

"ఆ రోజు రాలేదు సరే. మర్నాడు వచ్చుంటుందిగా. మర్నాడు ఎందుకు వెళ్ళలేదు?"

అమ్మ గుడ్డని గిన్నెలో వదిలేసి, తడిచేతులు తుడుచుకోకుండానే వంటింటి గడప మీద కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా, "డాక్టరమ్మ వచ్చింది" అంది.

నాకు అర్థం కాలేదు.

"వచ్చింది. నర్సు నా పేరు పిలిచింది. లేచాను. లోపలికి పోదామనే లేచాను, నీతో అబద్ధమెందుకు? లేచినదాన్ని వెనక్కి తిరిగి బయటికొచ్చేశాను. గేటు దగ్గర సువార్త కూర్చుని ఉంది. దాని మొహం చూసి ఏం చెప్పను? నాకు బిడ్డ కావాలి, నువ్వు పెళ్ళి మానుకుని ఆ వీసా మీద నువ్వెళ్ళు అని ఎలా చెప్పను? డాక్టరమ్మ రాలేదు, దేవుడు ఆపాడన్నాను. అది నమ్మింది. నమ్మి వెళ్ళిపోయింది. అమ్మ పోతే చివరిచూపుకి కూడా రాలేకపోయింది. ఊళ్ళో అమ్మ పక్కన కూర్చున్నంతసేపూ దాని చోటు నాకు కనబడుతూనే ఉంది. నా దగ్గరున్న వాటిల్లో పెద్దది నువ్వే. నిన్ను దేవుడికి ఇచ్చేస్తే ఆ అబద్ధం తీరిపోద్దనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు? కావాలనుకున్నావని?"

"నిన్ను కావాలనుకున్నానని చెప్పాలంటే ముందు వద్దనుకున్నానని చెప్పాలి కదమ్మా" అంది.

నేనూ గడప మీద కూర్చున్నాను. ఏడ్చాను, అమ్మ ఏడవలేదు. కాసేపటికి నా నోరు ఊరుకోక, "వెనక్కి తిప్పింది దేవుడా, తిరిగింది నువ్వా?" అని అడిగాను. అమ్మ ఈ ప్రశ్నకి ఆలోచించుకోలేదు, ఎన్నాళ్ళనుంచో తనని తను అడుక్కుంటున్నట్టుంది. "తిరిగింది నేనే. అది మాత్రం ఎవరికీ ఇవ్వను. తిరగ్గలిగిన బలం నాది కాదు. నర్సు పిలిచాక నా కాళ్ళకి అంత బలమెక్కడిది? రెండూ నిజమే. ఎలా నిజమో నాకు తెలియదు" అంది. అయ్యగారి నాలుగు దారుల కంటే అది నాకు ఎక్కువ పనికొచ్చింది. ఇప్పటికీ స్వచిత్తం, ముందు నిర్ణయం అని ఎవరైనా పుస్తకాలు ముందేసుకుంటే నాకు గడప మీద తడిచేతులతో కూర్చున్న అమ్మే కనబడుతుంది.

మర్నాడు అమ్మ అయ్యగారి దగ్గరకెళ్ళి, మొక్కిన నోరు నాదండి, తీర్చుకోవాల్సింది నేనే, పిల్లని లాగకండి అని చెప్పింది. సంఘంలో కొంతమంది అమ్మతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. అమ్మగారైతే ద్రాక్షరసం పని కూడా వేరేవాళ్ళకి అప్పగించారు. అమ్మ ఆ మాట ఎత్తలేదు. నేను ఫార్మసీ చదివాను. పిన్నికి నిజం చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత పిన్ని దేవుడు పంపాడండి అన్నప్పుడల్లా నేను అమ్మ మొహం చూసేదాన్ని. అమ్మ మొహం కాస్త తేలికపడేది.

మేం మస్కట్ వదిలి వచ్చేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఆ ఫ్లాటులో ఎవరుంటున్నారో తెలియదు. అక్కడ సెలవురోజులు కూడా మారాయట, శుక్రవారం, శనివారం అంటున్నారు. నాన్న ముందే పోయాడు. ఒంట్లో శక్తి అయిపోయాక పిన్ని తిరిగొచ్చి, అమ్మతోనే ఉంది. నేను మందుల కొట్టు చూసుకుంటున్నాను. ప్రతి చీటీనీ తిప్పి తిప్పి చూస్తానని డాక్టర్లు విసుక్కుంటారు. మా అమ్మాయి ఏ కాలేజీలో చేరాలో తనే చెప్పింది, ఇంట్లో ఎవరూ మొక్కుకోలేదు. అది మంచికాలమేనని అనుకుంటాను. కాకపోతే మా అమ్మాయి ఏదైనా తప్పటడుగు వేస్తే దాన్ని మోయడానికి పైవాడి పేరు కూడా దానికి తోడు లేదు, మొత్తం తన నెత్తినే. మా అమ్మా, పిన్నీ అలా ఒంటరిగా మోయలేదు. వాళ్ళ పద్ధతిలో కిటుకేమిటో అమ్మ పోయేదాకా నాకు అంతుపట్టలేదు.

ఆదరణ కూడిక అయ్యాక పెరట్లో పిన్ని కాళ్ళు చాపుకుని కూర్చుంది. వంటవాళ్ళు గంగాళాలు తోముతున్నారు.

"మీ అమ్మ నీకు చెప్పేసుంటదిలే" అంది.

"ఏంటి పిన్నీ?"

"డాక్టరమ్మ సంగతి."

ఒట్టు ఇంకా ఉందో, అమ్మతోపాటు పోయిందో తేల్చుకోలేకపోయాను.

"నేను గేటు కాడే కూకున్నాను కదే. రిచ్చా నా ముందే ఆగింది. డాక్టరమ్మ దిగి, గొడుగు మడుసుకుని, నన్ను పక్కకి జరగమని లోపలికెల్లింది. ఆ తరవాతే మీ అమ్మ బయటికొచ్చి, డాక్టరమ్మ రాలేదే అంది."

ఇన్నేళ్ళూ ప్రపంచాన్నంతా అనుమానించాను, గేటు దగ్గర కూర్చున్న మనిషికి వచ్చేపోయేవాళ్ళు కనబడతారని ఒక్కసారి తట్టలేదు. "తెలిసే ఆ వీసా మీద వెళ్ళావా? తెలిసే అన్నేళ్ళూ దేవుడు పంపాడన్నావా?"

"పంపలేదని నువ్వు చూశావేంటి? ఎల్తానన్నది మాత్రం నేనే, నన్నెవరూ తొయ్యలేదు. దేవుని చిత్తం అంటే మీ అమ్మకి నిద్ర పట్టేది, అనేదాన్ని."

"ఆ రోజే గట్టిగా అడిగుంటే నీ బతుకు వేరేగా ఉండేది కదా. పెళ్ళి, పిల్లలు, ఇల్లు. ఎందుకడగలేదు పిన్నీ?"

పిన్ని నా వైపు తిరిగి, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"అడిగితే మళ్ళీ లోపలికెల్లిపోయేది కదే" అంది.